గుర్రపు డెక్క: రెండు ఛాయాచిత్రముల సాక్ష్యము

గుర్రము నేలపై నిలుచునది వ్రేళ్ళ కొనలపైన. ఒక్కొక్క కాలికి ఒక్కటే వ్రేలు మిగిలినది. ఆ వ్రేలి కొనను చుట్టి పెరిగిన గోరే డెక్క. నాలుగైదు వందల కిలోగ్రాముల శరీరమంతయు ఈ నాలుగు గోళ్ళపై ఆనియుండును. ఆ బరువులో నూటికి సుమారు 60 వంతులు ముందుకాళ్ళపైననే పడును. మనిషి గోరువలెనే డెక్కయు ఎడతెగక పెరుగును. నేల రాపిడికి అరుగును. పెరుగుదలయు అరుగుదలయు సరిపోయినంతకాలము చిక్కులేదు. లాయములో కట్టియుంచిన గుర్రమునకు అరుగుదల చాలదు. రాతిబాటపై బండిలాగు గుర్రమునకు పెరుగుదల చాలదు. మొదటిదానికి కోత, రెండవదానికి ఇనుప లాడము మనిషి కనిపెట్టిన ఉపాయములు. ఎద్దులకు లాడములు కొట్టుట చూచిన తెలుగు పల్లెవారికి ఈ రెండవ ఉపాయము వింతగా తోచదు.

లాడమును ఊడదీసి, డెక్కను ఒక పద్ధతి ప్రకారము చెక్కుచు వచ్చినచో చెడిన డెక్క తిరిగి బాగుపడునని చెప్పు వర్గమొకటి గత నలుబది యేండ్లలో అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియాలలో బలపడినది. దీనిని వట్టికాలి పద్ధతి అనవచ్చును. లాడములు కొట్టు వృత్తిలోనుండిన అమెరికావాడు జేమీ జాక్సన్ 1982 నుండి 1986 వరకు గ్రేట్ బేసిన్ ప్రాంతమున స్వేచ్ఛగా తిరుగు గుర్రముల డెక్కలను పరిశీలించి, 1992లో 'ది నేచురల్ హార్స్' అను గ్రంథమును ప్రకటించెను. ఈ వర్గమునకు ఊపు వచ్చినది ముఖ్యముగా ఆ గ్రంథముతోనే. ఆలోచన మాత్రము పాతదే. లండను పశువైద్య కళాశాల తొలినాటి విద్యార్థులలో ఒకడైన బ్రేసీ క్లార్క్, భారము పడినప్పుడు డెక్క వెడల్పగుననియు, మేకులతో బిగించిన ఇనుము దాని నడ్డగించుననియు 19వ శతాబ్ది ఆరంభముననే వాదించెను.

ఈ పద్ధతివారు చూపు సాక్ష్యములలో అగ్రస్థానము ఛాయాచిత్రములది. ఎడమవైపున 'ముందు', కుడివైపున 'తరువాత'. ఎడమవైపు డెక్క ముందుకు సాగి, అంచులు విచ్చుకొని, పగుళ్ళు బారి వికారముగా నుండును. కుడివైపుది పొట్టిగా, గుండ్రముగా, నున్నగా నుండును. చూచినంతనే ఔనని ఒప్పుకొన బుద్ధి పుట్టును. కాని ఈ రెండు బొమ్మలను నమ్మి ఒక యజమాని పశువైద్యుని పిలుచుట మానుకొనినచో, ఆ పొరపాటునకు వెల చెల్లించునది నోరులేని జంతువు. కావున ఆ చిత్రములు నిజముగా ఏమి ఋజువు చేయుచున్నవో తరచి చూడక తప్పదు.

డెక్క నిర్మాణము కొంత తెలిసినగాని ఈ తూకము సాధ్యము కాదు. వెలుపల కనబడు గట్టి భాగము గోడ. అది పైన వెండ్రుకల అంచు నొద్ద పుట్టి క్రమముగా క్రిందికి దిగును. కాలెత్తి అడుగున చూచినచో గోడకు లోపలి ప్రక్కన ఒక సన్నని గీత కనబడును. దానిని తెల్లగీత అందురు. ఆ గీతకు లోపల, కొద్దిపాటి గుంటగా, అరిపలక. వెనుకనుండి ముందుకు చొచ్చుకొనివచ్చు మెత్తని త్రికోణమును ఆంగ్లేయులు కప్ప అనియు, పూర్వపు గ్రీకులు ఒక పిట్ట పేరనియు పిలిచిరి. త్రికోణమునకు పైన, మడమలో, అదురును మ్రింగు దిండు వంటి కణజాలము గలదు. డెక్క నడుమ వ్రేలి చివరి ఎముక యుండును. ఈ ఎముకను గోడకు పట్టి వ్రేలాడదీయునవి పుస్తకపు పుటలవంటి సన్నని మడతలు. ఒక్కొక్క డెక్కలో ఇవి సుమారు 550 నుండి 600 వరకు ఉండును. ఒక్కొక్క మడతపై మరల 150 నుండి 200 వరకు చిన్న మడతలు. ఈ పట్టు సడలెనా, ఎముక గోడనుండి విడివడి కొన క్రిందికి తిరుగును. లామినైటిస్ అను ఈ జబ్బు గుర్రమును నిలువనీయదు, నడువనీయదు.

ఇక పెరుగుదల లెక్క. గోడ నెలకు సుమారు 6 నుండి 10 మిల్లీమీటర్లు పెరుగును. చలికాలములో వేగము కొంత తగ్గును. నెలకు 8 మిల్లీమీటర్లనుకొందము. ముందుగోడ పొడవు 80 మిల్లీమీటర్లున్నచో, వెండ్రుకల అంచున నేడు పుట్టిన కొమ్ముపదార్థము నేలను చేరుటకు 10 నెలలు పట్టును. మడమ వద్ద గోడ పొట్టి గనుక అక్కడ నాలుగైదు నెలలు చాలును. ఇప్పుడు 3 నెలల ఎడముతో తీసిన చిత్రములను ఈ లెక్కతో చూడవలెను. మూడు నెలలలో ముందుగోడపై క్రొత్తగా వచ్చినది 24 మిల్లీమీటర్లు మాత్రమే. దానికి క్రిందనున్న 56 మిల్లీమీటర్లు పాత పదార్థమే. కాని చిత్రములో మారినట్లు కనబడునది డెక్క మొత్తము! ఆ క్రింది భాగపు మార్పు పెరుగుదల తెచ్చినది కాదు, ఆకురాయి తెచ్చినది. గడ్డము గీసికొని వచ్చిన వానిని చూచి చర్మవ్యాధి కుదిరినదనుట వంటిది ఇది.

చిత్రములు తీసిన దినములలో మరియొక తిరకాసు కలదు. సాధారణముగా 'ముందు' చిత్రము ఆరేడు వారములు చెక్కక వదలిన డెక్కది. 'తరువాత' చిత్రము చెక్కిన గంటలోపల తీసినది. మోసము చేయవలెనని ఎవరును ఇట్లు చేయకపోవచ్చును. పని ముగియగానే ముచ్చటగా కనబడు డెక్కను చిత్రము తీయవలెననిపించుట సహజము. అయినను ఆ రెండింటి నడుమనున్న భేదములో ఆరువారముల పెరుగుదల కూడ కలిసియున్నది. నిజమైన పోలిక కావలెనన్న, చెక్కుటకు ముందు తీసిన చిత్రమును మరల చెక్కుటకు ముందు తీసిన చిత్రముతోనే పోల్చవలెను; అదియు చివరి కోత తరువాత గడచిన వారములు రెంటియందు సమానమై యుండవలెను. ఇట్లు జతపరచిన చిత్రములు అరుదుగా కనబడును.

కెమెరా నిలిపిన చోటు ఎంత మార్పు తెచ్చునో త్రికోణమితి చదువుకొన్న విద్యార్థి తానే తేల్చుకొనవచ్చును. ముందుగోడ నేలతో 50 డిగ్రీల కోణము చేయుచున్నదనుకొందము. కెమెరాను సరిగా ప్రక్కన, నేలమట్టమున నిలిపిన చిత్రములో ఆ కోణము 50గానే కనబడును. కెమెరాను కొంత ముందువైపునకు, 30 డిగ్రీల మేర జరిపినచో, డెక్క ఎత్తు మారదు గాని ముందు వెనుకల పొడవు కుదించుకొనిపోవును. 50 డిగ్రీల టాన్జెంటు 1.192, దానిని 30 డిగ్రీల కొసైనుతో, అనగా 0.866తో భాగించినచో 1.376 వచ్చును, అది 54 డిగ్రీల టాన్జెంటు. గుర్రము కదలలేదు, డెక్కను ఎవరును తాకలేదు, కోణము మాత్రము 4 డిగ్రీలు 'మెరుగైనది'! అట్టముక్కతో త్రికోణమొకటి కత్తిరించి బల్లపై నిలిపి చుట్టును తిరిగి చూచినచో తరగతిలోనే ఈ వింత కనబడును. అందుచేతనే శ్రద్ధగలవారు కెమెరాను నేలకు దగ్గరగా, డెక్కకు సమకోణమున, ప్రతిమారు అంతే దూరమున నిలిపి, చిత్రములో ఒక కొలబద్దను కూడ చేర్తురు. కాలు నిటారుగా నిలిచియున్నదా యనియు చూతురు.

ఇవి హానిలేని పొరపాట్లు. అరిపలక విషయము అట్టిది కాదు. ఆరోగ్యముగల అరిపలక కొంత గుంటగా నుండునని అందరు నెరిగినదే. లోపలి ఎముక అడుగుభాగమే అట్లు వంపుదిరిగి యుండును, తగినంత మందముగల పలక ఆ వంపును అనుసరించును. కాబట్టి 'గుంట ఏర్పడినది' అనుట మంచి వార్తగా చెప్పుదురు. కాని గుంట రెండు విధముల ఏర్పడవచ్చును. గోడ పట్టు బిగిసి, ఎముక పైకి కుదురుకొని, పలక మందముతోనే వంపు వచ్చుట మొదటి విధము. కత్తితో పలకను తొలిచివేయుట రెండవ విధము. అడుగునుండి తీసిన చిత్రములో ఈ రెండును ఒక్కటిగానే కనబడును. పలక మందము 15 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల నుండుట మేలని పశువైద్యులు తలంతురు. తొలిచిన పలక దానిలో సగమైనను మిగలక, ప్రతి గులకరాయి ఎముకకు గ్రుచ్చుకొనును. చిత్రములో అందము హెచ్చిన దినముననే గుర్రము కుంట మొదలుపెట్టుట ఇందుచేత జరుగును. మందము తెలియవలెనన్న ప్రక్కనుండి తీసిన ఎక్స్ కిరణ చిత్రము తప్ప నమ్మదగిన దారి లేదు.

అట్లయిన ఛాయాచిత్రము బొత్తిగా నిరుపయోగమా? కాదు. చూడవలసిన చోటు వేరు. డెక్క తన దినచర్యను తానే వ్రాసికొనును. గోడపై అడ్డముగా కనబడు ఉంగరముల వంటి గీతలు, మేత మారినప్పుడు, జ్వరము వచ్చినప్పుడు, ఋతువు మారినప్పుడు ఏర్పడిన గుర్తులు. నెలకు 8 మిల్లీమీటర్ల లెక్కన, వెండ్రుకల అంచునకు 32 మిల్లీమీటర్లు క్రిందనున్న ఉంగరము నాలుగు నెలల క్రిందటి సంగతిని తెలుపును. యజమానిని అడిగినచో ఆ నెలలో గుర్రమును క్రొత్త పచ్చికబీటిలో వదలినామని జ్ఞాపకము తెచ్చుకొనవచ్చును. ఉంగరములు ముందునుండి మడమవరకు సమదూరమున సాగినచో పెరుగుదల సమముగా నున్నదన్నమాట. ముందు దగ్గరగా, మడమ వద్ద ఎడముగా విడివడినచో, ముందుభాగమున పెరుగుదల కుంటుపడినది. దీర్ఘకాలపు లామినైటిస్ సోకిన డెక్కలకు ఇది ప్రసిద్ధమైన లక్షణము.

బాగుపడుట కూడ ఈ దినచర్యలోనే కనబడును. మడతల పట్టు తిరిగి గట్టిపడినప్పుడు, వెండ్రుకల అంచునుండి దిగు క్రొత్త గోడ పాతదానికన్న నిటారుగా దిగును. ప్రక్కనుండి చూచినప్పుడు గోడపై ఒకచోట వంపు విరిగినట్లు కనబడును: పైన క్రొత్త కోణము, క్రింద పాత కోణము. ఆ విరుపు నెలనెలకు క్రిందికి జరుగుచు వచ్చి, తొమ్మిది పది నెలలకు నేలను చేరి మాయమగును. అడుగున వెడల్పై బలహీనపడిన తెల్లగీత సన్నబడుటయు అప్పటికే. ఆకురాయి ఈ విరుపును కప్పిపుచ్చగలదు గాని సృష్టింపజాలదు. నున్నగా తీర్చిన డెక్కకంటె వంకరగా నున్న ఈ డెక్కయే మెరుగైన సాక్షి. కాని చిత్రములో అందముగా కనబడదు గనుక ప్రచారములో దానికి చోటు దక్కదు.

ఆకారము బాగుపడుట వేరు, గుర్రము బాగుగా నడచుట వేరు. నడకకు కొలతలు లేకపోలేదు. లామినైటిస్ బాధను నాలుగు తరగతులుగా విభజించిన స్వీడను దేశపు నిల్స్ ఓబెల్ పద్ధతి 1948 నాటిది, నేటికిని వాడుకలోనున్నది. కుంటును 0 నుండి 5 వరకు లెక్కించు అమెరికా పశువైద్యుల కొలమానము మరియొకటి. అయితే చూచువాని మనస్సు కూడ కొలతలో చేరును. 2006లో 'వెటరినరీ రికార్డు' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీనిని చూపినది: కాలికి మొద్దుబార్చు మందు ఎక్కించినారని ముందుగా తెలిసినప్పుడు, ఆ గుర్రము కుంటునకు అనుభవజ్ఞులైన పశువైద్యులు ఇచ్చిన అంకెలపైనను ఆ తెలివిడి ప్రభావము పడినది. పశువైద్యుల సంగతియే ఇట్లుండగా, పదినెలలు ధనమును ఆశను వెచ్చించిన యజమాని కంటికి గుర్రము మెరుగుగా నడచుచున్నట్లు తోచుటలో ఆశ్చర్యము లేదు. ఏ గుర్రమునకు ఏ పద్ధతి జరిగినదో తెలియనివారు, గట్టినేలపై నడిపించి తీసిన చలనచిత్రములను కలగాపులగముగా చూచి అంకెలు వేసినపుడే ఆ అంకెలకు విలువ.

ఇంతకంటె పెద్ద చిక్కు కారణములను గూర్చినది. వట్టికాలి పద్ధతికి మారు యజమాని లాడము తీయుటతో ఆగడు. పచ్చిక తగ్గించి ఎండుగడ్డి పెట్టును, ధాన్యము మానిపించును, దినదినము నడిపించును, నెలనెల డెక్కలు చూపించును. అయిదు మార్పులు ఒక్కసారి చేసి, ఫలమంతయు ఒక్క ఆకురాయికే కట్టబెట్టుట న్యాయము కాదు. ముఖ్యముగా మేత సంగతి. ఆస్ట్రేలియా పరిశోధకులు 2007లో ప్రకటించిన ప్రయోగములో ఆరోగ్యముగల పొట్టిగుర్రములకు రక్తములో ఇన్సులిను హెచ్చుగా నుండునట్లు ఎక్కించుచు వచ్చిరి. అట్లు ఎక్కించిన అన్నిటికిని 72 గంటల లోపల లామినైటిస్ వచ్చినది. చక్కెర హెచ్చుగాగల పచ్చిక కొన్ని గుర్రములలో ఇన్సులినును పెంచునని తెలిసినదే. అనగా, చాల గుర్రములలో డెక్క చెడుట నోటియొద్ద మొదలగుచున్నది. మేత మార్చిన గుర్రము చెక్కినను చెక్కకున్నను కొంత బాగుపడియుండెడిదేమో! అట్లని కోత అనవసరమని కాదు. విచ్చుకొనిన గోడ నేలను త్రొక్కినప్పుడెల్ల బలహీనమైన మడతలను మీటవలె పెరుకును. ఆ మీటను పొట్టిచేయుట ఉపశమనమే. ఏది ఎంత చేసినదో విడదీసి చూపని సాక్ష్యము మాత్రము అసంపూర్ణము.

ఈ వర్గపు రచనలలో తరచుగా కనబడు ఒక వాదమును కఠినముగా విమర్శింపక తప్పదు. లాడము తీసిన తరువాత గుర్రము కుంటినచో అది 'మార్పుకాలపు నొప్పి' అనియు, రక్తప్రసారము తిరిగివచ్చుచున్న గుర్తు అనియు కొందరు చెప్పుదురు. సన్నని అరిపలక గట్టిపడుటకు కొంతకాలము పట్టుట నిజము. కాని నడచినచో పద్ధతి ఫలించినది, కుంటినచో పద్ధతి పనిచేయుచున్నది అనువారికి పద్ధతి తప్పినదని తెలుపు గుర్తు ఏది? అట్టి గుర్తు ముందుగా చెప్పుకొననివారు పరీక్షకు కూర్చుండలేదన్నమాట. కోత జరిగిన మరునాడు గుర్రము మునుపటికన్న కుంటినచో, ఎక్కువ చెక్కితిమేమో యని సందేహించుటయే సరియైన మార్గము. ఇన్ని దినములలో తగ్గకున్న పశువైద్యుని పిలువవలెనని ముందే నిర్ణయించుకొనుట ఇంకను మేలు.

అడవిగుర్రపు ఆదర్శమును గూర్చియు ఒక మాట. జాక్సన్ గ్రంథపు బలమంతయు ఆ ఆదర్శములోనే యున్నది. పాఠకుని దృష్టిని లాడమునుండి డెక్కకు మరల్చిన ఘనత దానిదే. కాని ఎడారిలో డెక్క చెడిన గుర్రము మందతో నడువలేక వెనుకబడి చచ్చును. పరిశీలకుని కంటబడునవి మిగిలినవి మాత్రమే. అవియైనను లోపరహితములా? బ్రయన్ హాంప్సన్, క్రిస్టఫర్ పోలిట్ మొదలైనవారు న్యూజీలాండులోని కైమానవా కొండల అడవిగుర్రములు 20టి డెక్కలను పరీక్షించి 2010లో ప్రకటించినప్పుడు, లామినైటిస్ గుర్తులతో సహా పలు లోపములు బయటపడినవి. ఆస్ట్రేలియా లోతట్టున తిరుగు అడవిగుర్రములు సగటున దినమునకు 15.9 కిలోమీటర్లు నడచునని ఆ బృందమే లెక్కించినది. లాయములో నిలుచు గుర్రమునకు ఆ డెక్కను నమూనాగా పెట్టుట ఎంతవరకు తగునో ఆలోచింపవలెను. పూర్వులను సాక్ష్యమునకు పిలుచుటలోను ఇట్టి ఇబ్బందియే. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనొఫన్ గుర్రములశాల ముంగిట గుండ్రాళ్ళు పరచి డెక్కలను గట్టిపరచుమనెను, నిజమే. కాని ఆయన మెచ్చినది అడుగు త్రికోణము నేలకంటని ఎత్తైన డెక్కను. నేటి వట్టికాలివారు కోరునది ఆ త్రికోణము నేలను తాకవలెనని!

ఇన్ని లోపములు లేని పరిశీలన ఒకటైనను లేదా? దానికి దగ్గరగా వచ్చినది హిలరీ క్లేటన్, రాబర్ట్ బౌకర్ మొదలైనవారు 2011లో 'ఆస్ట్రేలియన్ వెటరినరీ జర్నల్'లో ప్రకటించిన వ్యాసము. వారు 7 అరబ్బు గుర్రములకు క్రమముగా వట్టికాలి కోత చేయించిరి: అరిపలక మట్టమునకు గోడను దింపుట, మడమలను తగ్గించుట, ముందంచును వాలుగా తీర్చుట, చుట్టును గుండ్రపరచుట. మొదట, 4 నెలలకు, 16 నెలలకు ఛాయాచిత్రములును ఎక్స్ కిరణ చిత్రములును తీసి కొలిచిరి. మడమలు వెనుకకు జరిగి, వాని కోణము పెరిగి, డెక్క ఆని నిలుచు పొడవు హెచ్చి, లోపలి ఎముక అడుగు నేలతో చేయు కోణమును పెరిగినట్లు తేలినది. ముందుకు వాలి నలిగిన మడమలకు ఈ కోత ఉపకరింపవచ్చునని వారి నిర్ణయము. అంతకు మించి వారు చెప్పలేదు. ఆ మితభాషిత్వమే ఈ వ్యాసమునకు గౌరవము.

ఇందులో 16వ నెల కొలతకు 4వ నెల కొలతకన్న ఎక్కువ బరువున్నది. నాలుగు నెలలకు ముందుగోడలో సగముకన్న ఎక్కువ పాతదే. అప్పటి మార్పులో కోత పాలు హెచ్చు. పదహారు నెలలకు ముందుగోడ మొత్తము ఒకసారి క్రొత్తదై పోయినది, మడమలు మూడు నాలుగుసార్లు మారినవి. ఎక్స్ కిరణములో కనబడు ఎముక కోణమును ఏ ఆకురాయియు పైపైన దిద్దలేదు. అయితే గుర్రములు ఏడే. పోల్చుటకు లాడములు గల మరియొక గుంపును ప్రక్కన పెట్టలేదు. వ్యాసము కొలిచినది డెక్క ఆకారమును మాత్రమే. ఆ ఏడు గుర్రములును గులకరాళ్ళ బాటపై మునుపటికన్న సుఖముగా నడచినవా అను ప్రశ్నకు ఆ కొలతలలో జవాబు లేదు.